కుడి మణికట్టులో మిగిలిన తీగ

ఆ రోజు పొద్దున అమ్మవారి ముక్కు చెక్కుతున్నాను. ముక్కు దగ్గర పని జరుగుతున్నప్పుడు ఎవరూ పలకరించకూడదని మా శిల్పశాలలో కట్టడి. నాలుగో దెబ్బో ఐదో దెబ్బో వేస్తుండగా సుత్తి చేతిలోంచి జారి నా పాదం పక్కన పడింది. వంగి తీసుకున్నాను. మళ్ళీ జారింది. అప్పుడు చూసుకుంటే కుడి బొటనవేలి పై కణుపు మడవడం లేదు. మిగతా నాలుగు వేళ్ళూ చెప్పిన మాట వింటున్నాయి. ఇది మాత్రం అలిగిన అల్లుడిలా బిగుసుకుని నిలబడింది.

నా పేరు చంద్రమౌళి. మాది ఆళ్లగడ్డ. తాతల కాలం నుంచీ రాతి పనే. శిల్పశాల మా అన్న బ్రహ్మయ్యది, నాది. పెత్తనం ఆయనది. కానీ విగ్రహానికి కళ్ళు తెరిచే హక్కు మాత్రం మా నాయన పోతూ పోతూ నాకు ఇచ్చి పోయాడు. విగ్రహం అంతా ఎవరు చెక్కినా కనుపాప గీత ఒక్కటీ చివర్లో ఒకే చెయ్యి గీయాలి. ఆ గీత పడేదాకా అది రాయి, పడ్డాక దేవుడు. పెద్దవాణ్ణి కాదని చిన్నవాడికి ఇవ్వడం అన్న మనసులో ముల్లులా ఉండిపోయిందని నాకు తెలుసు. తెలిసినా నేనేం తగ్గలేదు. ప్రతిసారీ కళ్ళు తెరిచాక అన్న వైపు ఒక చూపు చూసేవాణ్ణి. నేను మంచివాణ్ణని మీకు చెప్పడానికి ఇది రాయడం లేదు.

వేలు మడవకపోవడానికి కారణం వెతుక్కుంటే నెలన్నర కిందటి గాయం గుర్తొచ్చింది. గ్రైండర్ బ్లేడు పగిలి ఒక ముక్క బొటనవేలి మొదట్లో దిగింది. ఊళ్ళో ఒకాయన మూడు కుట్లు వేశాడు. నాలుగో రోజుకే సుత్తి పట్టాను. రాతి పనిలో చేతులకు దెబ్బలు తగలని వాడు ఎవడుంటాడు?

నా భార్య సరోజ మాత్రం ఆ సాయంత్రమే బస్సెక్కించింది. "ముక్కు సగంలో ఉంది, రెండు రోజులాగి పోదాం" అంటే, "నీ వేలు సగంలో ల్యాదా? బేగా చొక్కా తొడుక్కో" అంది.

నంద్యాలలో మేం వెళ్ళిన ఆసుపత్రి ముందు నల్లరాతి వినాయకుడు ఉన్నాడు. అది నా చేతి పనే. ఆ వినాయకుడి కళ్ళూ నేనే తెరిచాను. డాక్టరు నన్ను చూడగానే కుర్చీలోంచి లేచాడు. "మన శిల్పి గారు" అని స్టాఫుకు చూపించాడు. నాకు లోపల బాగానే ఉంది. ఈ మర్యాదే నా కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

అల్ట్రాసౌండ్ తీశారు. ఎమ్మారై తీశారు. డాక్టరు ఫిల్ము వెలుగుకు పెట్టి చూపించాడు. "ఎఫ్పీఎల్ టెండన్ రప్చర్. వేలు మడిచే తాడు ఇది. అప్పుడు సగం తెగింది, మీరు సుత్తి కొడుతూ ఉంటే మిగతా సగం ఇప్పుడు తెగింది. చివరలు దూరంగా పోయాయి, లాగి కుట్టలేను. మధ్యలో ఇంకో టెండన్ ముక్క వేయాలి. గ్రాఫ్ట్."

"ఆ ముక్క యాడ్నించి తెస్తారు సార్?"

"మీ దగ్గరే ఉంది. కుడి చెయ్యి చాపండి. బొటనవేలు, చిటికెన వేలు కలపండి. ఇప్పుడు మణికట్టు లోపలికి వంచండి."

వంచాను. మణికట్టు మధ్యలో చర్మం కింద సన్నటి తీగ ఒకటి లేచి నిలబడింది. ఇన్నేళ్ళుగా నా చేతిలో ఉన్నదాన్ని నేను చూడనేలేదు. మనిషి చెయ్యి ఎన్నిసార్లు చెక్కానో లెక్కలేదు, ఆ తీగ మాత్రం ఏ విగ్రహానికీ పెట్టలేదు.

"పాల్మారిస్ లాంగస్. మేం పీఎల్ అంటాం. కొమ్మలు పట్టుకుని వేలాడిన కాలంలో పనికొచ్చింది. ఇప్పుడు మనకు దీంతో పనేం లేదు. కొందరికి పుట్టుకతోనే ఉండదు, ఉండదన్న సంగతి కూడా వాళ్ళకు తెలియదు. తీసేసినా చేతికి ఏ లోటూ రాదు. స్పేర్ పార్ట్ అనుకోండి."

"దేవుడు చెక్కినదాంట్లో పనికిరానిది ఉంటుందా సార్?"

డాక్టరు నవ్వాడు. "ఎందుకుండదు? తోక పోయింది, తోక ఎముక మిగిలింది. చెవులు ఆడించే కండరాలు ఉన్నాయి, మనం ఆడిస్తామా? వాడకం పోతుంది, సామాను మిగిలిపోతుంది."

ఆ మాట నాకు నచ్చలేదు. మా పనిలో అదనం అంటూ ఉండదు. కొలతకు మించి ఒక నూలు ఎక్కువ ఉంటే చెక్కేస్తాం, ఒక నూలు తగ్గితే మొత్తం విగ్రహమే పోతుంది. వేలి కొస విరిగినా అది భిన్నమైనట్టే, పూజకు పనికిరాదు. మా శిల్పశాల వెనక కంచె పక్కన అలాంటివి గుట్టగా పడి ఉంటాయి, అన్నీ బోర్లా. ముఖం పైకి పెట్టకూడదని మా ఆచారం. నా చేత్తో నేనే ఎన్నో మోసుకెళ్ళి పడేశాను. ఏనాడూ అయ్యో అనుకోలేదు.

రేపు ఆపరేషన్ అనగా ఆసుపత్రిలో చేరాను. పొద్దున్నే నర్సు వచ్చి కుడి మణికట్టు మీద, తీగ లేచే చోట, నీలం పెన్నుతో గీత గీసి పోయింది. ఎడమ చేతికి సెలైన్ సూది పెట్టి ప్లాస్టర్ చుట్టింది. ఆ నీలం గీత చూస్తూ పడుకున్నాను. కుడి బొటనవేలి దగ్గర ఎలాగూ కోస్తారు. ఇప్పుడు మణికట్టు దగ్గరా కోస్తారు, మోచేతి వైపు ఇంకోచోటా కోస్తారు. కళ్ళు తెరిచే చెయ్యి ఇది. మా నాయన కుడి చేత్తో ఎవర్నీ కొట్టలేదు, పచ్చబొట్టు కూడా పొడిపించుకోలేదు. ఆ చేతికి ఇన్ని గాట్లా?

డాక్టరు రౌండ్స్‌కు వచ్చినప్పుడు అడిగాను. "సార్, ఆ పనికిరానిది ఎడమ చేతిలోనూ ఉంటాది గదా. ఆడ తీసుకోండి. కుడి చేతికి ఒక్క కోత చాలు."

"ఒకే చేతిలో అయితే నాకు సులువు" అన్నాడు.

"నాది సుత్తి పట్టే చెయ్యి సార్. కళ్ళు తెరిచే చెయ్యి. మీ వినాయకునికి కళ్ళు తెరిచింది ఇదే."

"సరే శిల్పి గారూ, మీ చెయ్యి మీ ఇష్టం. పీఎల్ ఎక్కడున్నా పీఎల్లే" అని కేసు షీటులో ఏదో కొట్టేసి ఏదో రాశాడు. నా చేత సంతకం పెట్టించారు. ఎడమ చెయ్యి అని నేనే చదివి సంతకం పెట్టాను.

ఆయన వెళ్ళాక స్పిరిట్ దూది తీసుకుని కుడి మణికట్టు మీది నీలం గీతను నేనే తుడిచేశాను. సరోజ చూస్తోంది. "డాక్టరు పెట్టిన గుర్తు నువ్వెందుకు తుడుస్తాండావ్?" అంది. "తెలీనప్పుడు గమ్మునుండు" అన్నాను. ఎడమ చెయ్యిని ఎవరూ వంచి చూడలేదు. సూది ఉంది, ప్లాస్టర్ ఉంది. నేను కూడా చూసుకోలేదు.

కళ్ళు తెరిచేసరికి కుడి చెయ్యి మోచేతిదాకా కట్టు. ఎడమ చేతికి మణికట్టు దగ్గర ఒక పట్టీ, కొంచెం పైన ఇంకో పట్టీ. ఎడమ చేతి మూడు వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు. డాక్టరు వచ్చి కుడి చెయ్యి చూసుకుని మురిసిపోయాడు. "మంచి లావు గ్రాఫ్ట్ దొరికింది మీకు. శిల్పి చెయ్యి కదా!" అన్నాడు. ఎడమ వేళ్ళ సంగతి చెప్తే, "వాపు వల్ల. తగ్గిపోతుంది" అన్నాడు.

మంచి లావు గ్రాఫ్ట్. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇంటికొచ్చాం. కుడి చేతికి కట్టు ఉంది కాబట్టి సరోజే అన్నం కలిపి పెట్టేది. మూడో వారం ఒక సాయంత్రం ఆమె పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కాలుస్తుంటే పక్కన పీట మీద కూచుని ఏవో కబుర్లు చెప్తున్నాను. ఏదో మాడిన వాసన వచ్చింది.

"రొట్టె మాడతాంది చూడు" అన్నాను.

సరోజ రొట్టె తిప్పి చూసింది. "రొట్టె బాగానే ఉంది గదప్పా. ఏందీ వాసన?" అని తల తిప్పి ఒక్క కేక పెట్టింది. నా ఎడమ చూపుడు వేలు, మధ్య వేలు పెనం అంచుకు ఆని ఉన్నాయి. నేను వాటి మీద బరువు వేసి కూచున్నాను. నొప్పి లేదు. నా వేలు కాలిన వాసన నాకే రొట్టె వాసనలా తోచింది. ఆ రాత్రి రొట్టె ఎవరికీ దిగలేదు.

కాలిన వేళ్ళతో మళ్ళీ నంద్యాల పోయాం. "నర్వ్ కొంచెం ఇరిటేట్ అయి ఉంటుంది. విటమిన్ మాత్రలు రాస్తాను, ఓపిక పట్టండి" అన్నాడు డాక్టరు. ఓపిక పట్టాను. రెండు నెలలు పట్టాను. కుడి బొటనవేలు మెల్లగా మడవడం మొదలుపెట్టింది. దాన్ని చూసి సంతోషపడాలో, ఎడమ బొటనవేలి కింది కండ రోజురోజుకీ పల్లమైపోతుంటే ఏడవాలో తెలియలేదు. ఎడమ చేతిలో గుండీ పెడితే గుండీ ఉందో లేదో కళ్ళతో చూస్తేనే తెలిసేది.

అప్పటికి ఒక సంగతి బుర్రకెక్కింది. శిల్పి చెయ్యి ఏదంటే అందరూ కుడి అంటారు, నేనూ అదే అనేవాణ్ణి. సుత్తి దెబ్బ కొడుతుంది, అంతే. ఉలి పట్టేది ఎడమ చెయ్యి. రాయి లోపల మెత్తగా ఉందా, పొర ఉందా, ఉలి అంచు పక్కకు తిరుగుతోందా, ఇవన్నీ ఎడమ చేతి మూడు వేళ్ళే చెప్తాయి. ముప్పై ఏళ్ళు ఆ వేళ్ళు చెప్తూ ఉంటే విన్నాను. పేరు మాత్రం కుడి చేతికి పెట్టాను.

సరోజ పోరు పడలేక కర్నూలు వెళ్ళాం. అక్కడ నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. చేతికి చిన్న చిన్న షాకులు పెడతారు, కంప్యూటర్లో గీతలు లేస్తాయి. చిటికెన వేలికి గీత లేచింది. మొద్దుబారిన మూడు వేళ్ళకూ తెర మీద గీత లేవకుండా సాపుగా పోతూనే ఉంది. రిపోర్టులో "మీడియన్ నర్వ్, నో రెస్పాన్స్" అని ఉంది.

చేతి ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఒకామె ఆ రిపోర్టు చూసి, నంద్యాల కాగితాలు రెండుసార్లు చదివింది. ఆమే స్వయంగా అల్ట్రాసౌండ్ మిషను నా ఎడమ చేతి మీద కిందికీ పైకీ నడిపింది. తర్వాత మిషను పక్కన పెట్టి సరోజను కూడా కూచోమంది.

"మీ ఎడమ చేతిలో పీఎల్ లేదు. పుట్టుకతోనే లేదు. కొందరికి ఒక చేతిలో ఉండి ఇంకో చేతిలో ఉండదు. అది ఉండాల్సిన చోటు కింద మీడియన్ నర్వ్ ఉంటుంది, ఆ మూడు వేళ్ళకూ స్పర్శ ఇచ్చే నరం. తెల్లగా తాడులాగే కనిపిస్తుంది. టెండన్ అనుకుని దాన్నే తీశారు."

నాకు అర్థమైంది. అయినా అడిగాను. "ఇప్పుడు అది యాడుంది మేడమ్?"

"మీ కుడి బొటనవేల్లో."

సరోజ నా కుడి చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. రాయి గుట్టు చెప్పే నరం సుత్తి పట్టే వేలికి తాడైంది. డాక్టరమ్మ ఇంకా ఏవో చెప్తోంది, నేను వినలేదు. నీలం గీత తుడిచిన దూది గుర్తొచ్చింది.

తిరుగు దారిలో నంద్యాలలో దిగి ఆ ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు రిపోర్టు చదివాడు. ఈసారి శిల్పి గారు అనలేదు. "ఇలా జరగడం చాలా అరుదు. మొదట కుడి చేతిలోనే ప్లాన్ చేశాం. మీరే కదా ఎడమ అన్నారు? సంతకం ఉంది" అన్నాడు మెల్లగా.

నిజమే కదా. నోరెత్తింది సరోజ.

"ఆయప్ప ఎడమ అన్న్యాడు. నరం కొయ్యమన్న్యాడా? ఆయప్పకు రాళ్ళు తెలుసు సార్. లోపల ఉండేటివి తెలిసేది మీకు గదా? ల్యాని తీగను యాడ చూసి కోస్తిరి?"

బయటికొస్తుంటే వినాయకుడు చక్కగా చూస్తున్నాడు. చాలా బాగా తెరిచాను ఆ కళ్ళు. ఫిర్యాదు పెట్టాం, అది దాని దారిన అది నడుస్తోంది. దాని గురించి ఇక్కడ రాయను.

కర్నూలులో రెండో ఆపరేషన్. పోయిన నరం చోట కాలి వెనక నుంచి సూరల్ నర్వ్ అనేదాన్ని తీసి వేస్తారట. "అదీ పనికిరాందేనా మేడమ్?" అని అడిగాను. వెటకారంగానే అడిగాను.

ఆమె కోపగించుకోలేదు. "శరీరంలో పనికిరానిది అని నేననను. పోతే తక్కువ నష్టం ఉండేది అంటాను. పాదం బయటి అంచుకు స్పర్శ పోతుంది. అది ముందే చెప్తున్నాను, ఒప్పుకుంటేనే తీస్తాను" అంది. ఏ కాలో ఆమే పెన్నుతో గుర్తు పెట్టింది. దాన్ని ముట్టుకోకుండా చెయ్యి వీపు కింద పెట్టుకుని పడుకున్నాను.

నరం రోజుకు ఒక మిల్లీమీటరు పెరుగుతుందని చెప్పారు. ముంజేతి మీద వేలితో తడితే ఎక్కడిదాకా జివ్వుమంటుందో అక్కడిదాకా వచ్చినట్టు. ప్రతి ఆదివారం సరోజ తట్టేది, జివ్వుమన్న చోట పెన్నుతో చుక్క పెట్టేది. ఒక్కో వారం చుక్క కదిలేది కాదు. ఆ వారమంతా ఇంట్లో నా నోటికి అందరూ భయపడేవాళ్ళు.

కాలు ఊరుకుందా అంటే అదీ లేదు. శిల్పశాలలో తిరుగుతుంటే రాతి పలుకు ఒకటి పాదం అంచులో దిగింది. తెలిస్తే కదా! రెండు రోజులు దాంతోనే నడిచాను. చీము పట్టి జ్వరం వచ్చాక చెప్పు విప్పి చూస్తే పాదం వాచి ఉంది. పది రోజులు ఇంజెక్షన్లు. చెయ్యి బాగు చేయబోతే కాలు, కాలు బాగు చేయబోతే ఇంకేదోనని నా మీద నాకే నవ్వొచ్చింది.

ఇంతలో అమ్మవారి ముక్కు సగంలోనే ఉంది. కోయిలకుంట్ల దగ్గరి ఒక ఊరివాళ్ళు గుడికి చేయించుకుంటున్న విగ్రహం అది. వాళ్ళు రెండుసార్లు వచ్చి పోయారు. అన్న ఒక రోజు నాతో అన్నాడు.

"రేయ్, ముక్కు నేను తీరుస్తా. కండ్లు గూడా నేనే తెరుస్తా."

"కండ్లు నాయి గదన్నా. నాయన నాకిచ్చిన్యాడు."

"నాయన ఇచ్చింది మంచి చేతికి. అవిటి చేత్తో కండ్లు తెరిస్తే రేపు ఆ ఊర్లో ఒగ పిల్లోనికి జరమొచ్చినా మన మీదికే వస్తారు. వేలు ఇరిగిన బొమ్మను మనం పూజకిస్తామా? నువ్వే చెప్పు."

కంచె పక్కనున్న ఆ గుట్ట వైపు చెయ్యి చూపించాడు. అన్న కొత్తగా ఏం చెప్పలేదు, నేను ఇన్నేళ్ళూ చెప్పిందే నాకు చెప్పాడు. అందుకే ఎక్కువ మండింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు అమ్మవారి ముందు కూచున్నాను. మొద్దుబారిన వేళ్ళతో ఉలి పట్టుకున్నాను. పట్టు ఉన్నట్టే ఉంది, కంటికి కనిపిస్తోంది. కుడి బొటనవేలు సుత్తి మీద బాగానే మడిచింది. మొదటి దెబ్బ చక్కగా పడింది. రెండోదీ పడింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఆ ముక్కు తీర్చి అన్న ముందు నిలబెట్టి ఒక్క చూపు చూడాలనుకున్నాను.

మూడో దెబ్బకు ముందు ఉలి నా వేళ్ళ మధ్య అర చుట్టు తిరిగింది. అంతకు ముందైతే కళ్ళు మూసుకున్నా తెలిసేది. సుత్తి పడింది. అమ్మవారి ముక్కు కొస, చింతగింజంత ముక్క, ఎగిరి నా ఒళ్ళో పడింది.

నేను లేవలేదు. అందరూ అన్నాలు తిని వచ్చేదాకా అలాగే ఆ ముక్క అరచేతిలో పెట్టుకుని కూచున్నాను. ఎడమ అరచేతిలో. అది అక్కడ ఉన్నట్టు నాకు తెలియడం లేదు. అన్న వచ్చి చూశాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. తల మీద చెయ్యి వేసి, "ఇంగ చాల్లేరా" అన్నాడు. దానికన్నా కొట్టి ఉంటే బాగుండేది. ఎనిమిది నెలల పనిని నలుగురు మనుషులు మోకులు కట్టి గుట్ట దగ్గరికి ఈడ్చుకెళ్ళి బోర్లా పడేశారు.

అన్న కొత్త రాయి తెచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ విగ్రహానికి కళ్ళు తెరిచిన రోజు ఆ ఊరికి నేనూ వెళ్ళాను. తెర కట్టారు, అమ్మవారి తొలి చూపు పడడానికి ఎదురుగా అద్దం పెట్టారు. అన్న ఉలితో కనుపాప గీతలు గీశాడు. తెర తీశాక జనం దండాలు పెట్టారు. నేనూ పెట్టాను. ఎడమ కన్ను ఒక నూలు కిందికి పడింది. అక్కడున్నవాళ్ళలో అది నాకొక్కడికే కనిపించింది. అన్న నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ళ ముందైతే ఊరంతా చెప్పేవాణ్ణి.

రెండో ఆపరేషన్ అయి ఇప్పటికి రెండేళ్ళు దాటింది. ఎడమ వేళ్ళకు వేడి, చల్లన తెలుస్తున్నాయి. గుచ్చితే తెలుస్తుంది. ఉలి తిరిగితే తెలియదు, ఇక తెలియకపోవచ్చు అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. శిల్పశాలలో నేను రాయి మీద కొలతలు గీస్తాను. కొత్త రాయి వస్తే సుత్తితో తట్టి మోత విని మంచిదో కాదో చెప్తాను. చెవులు ఇంకా పని చేస్తున్నాయి. వచ్చినవాళ్ళు "శిల్పి ఎవరు?" అంటే అన్న వైపు చూపిస్తాను. ఒక్కోసారి ఎవరూ ఏమీ అడగని రోజు ఉంటుంది. ఆ రోజు పొద్దు గడవడం కష్టం.

కుడి బొటనవేలిని ఏం చేయాలని డాక్టరమ్మను అడిగాను. "పని చేస్తోంది కదా, ముట్టుకోవద్దు. నరం తాడు పని చేయడానికి పుట్టింది కాదు, ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్పలేను. తెగిన రోజు మీ కుడి చేతి పీఎల్ తీసి దాని చోట వేద్దాం. అందాకా దాచుకోండి" అంది.

నాలాగా ఎవరి చేతికైనా ఇలాంటి ఆపరేషన్ రాసిపెట్టి ఉంటే ఒక్క సంగతి చెప్తాను. మీకు అక్కర్లేనిది తీస్తున్నామని ఎవరైనా అంటే, ఏ చేతిలో తీస్తారో ఆ చేతిలోనే అది ఉందని చూపించమనండి. కత్తి పట్టేవాళ్ళే మత్తు ఇవ్వకముందు ఆ చేతి మీద పెన్నుతో గుర్తు పెట్టాలి. పెట్టిన గుర్తును డాక్టరుతో మొహమాటం ఉన్నా, మర్యాద ఉన్నా, మీ ఆచారం అడ్డొచ్చినా తుడవకండి. మార్చాలంటే మళ్ళీ మొదటి నుంచీ పరీక్ష చేయించుకోండి. పరీక్ష ఏం పెద్దది కాదు, ఇది చదువుతూనే చేసుకోవచ్చు. బొటనవేలు, చిటికెన వేలు కలిపి మణికట్టు లోపలికి వంచండి. తీగ లేస్తే ఉన్నట్టు. రెండు చేతులూ చూసుకోండి.

నేను రోజూ పొద్దున గుట్ట దగ్గర కూచుని చూసుకుంటాను. ముక్కు విరిగిన అమ్మవారు పక్కనే బోర్లా ఉంటుంది. కుడి చెయ్యి వంచగానే తీగ లేస్తుంది. గట్టిగా, సూటిగా, ఏ పనీ లేకుండా, ఒక్క గాటు కూడా పడకుండా ఉంది.